చాచా కొలిచిన ఆకాశం

మొన్న మంగళవారం మీర్‌పేటలో మా వీధి మలుపున బండి పెట్టుకునే కూరగాయలామెను కిలో బెండకాయలు అడిగాను. ఆమె ఈమధ్యే ఎలక్ట్రానిక్ కాంటా కొన్నది. పళ్ళెంలో కాయలు పోసి, ఎర్రగా వెలిగే అంకెల వంక చూసి, కాస్త ఎక్కువైందని ఒక కాయ తీసేసింది. ఇప్పుడు కాస్త తక్కువైంది. తీసిన కాయను పక్కన పెట్టి, గంపలో వెతికి అంతకంటే చిన్నదాన్ని ఏరి వేసింది. అంకె సరిగ్గా కిలో దగ్గర ఆగాక నా వంక తృప్తిగా చూసి, ముసలాయన అనుమానపడతాడేమోనని కాంటాను నా వైపు తిప్పింది కూడా. నిజానికి నేను సంతోషించాలి. యాభై ఏళ్ళు కొలత సరిగ్గా ఉండాలని కుర్రవాళ్ళను సతాయించినవాణ్ణి. కానీ ఆ తీసేసిన బెండకాయ వంక చూస్తూ నిలబడితే ఎందుకో ప్రాణం ఉసూరుమంది. సంచి పట్టుకుని ఇంటికి వస్తూ దారంతా గొణుక్కున్నాను. ఒక్క బెండకాయకు ఇంత రాద్ధాంతమా అని మా ఆవిడ అడిగింది. బెండకాయ గురించి కాదు, ఇబ్రహీంపట్నం చాచా గుర్తొచ్చాడని చెప్పాను. ఆ పేరు వినగానే ఆమె టీ పెట్టడానికి లేచింది. ఈ కథ పొట్టిది కాదని ఆమెకు తెలుసు.

అణువు కంటే చిన్న కణాల వెంట పడడం నా వృత్తి. రిటైరై చాలా ఏళ్ళయింది. మా కాలనీలో ఇప్పటికీ కొందరు నేను అణుబాంబులు చేసేవాణ్ణని నమ్ముతారు, ఆ నమ్మకం మీద కరెంటు మీటరు పాడైనా నన్నే పిలుస్తారు. ఈ విద్యకు ఇప్పుడు మైళ్ళ పొడవు యంత్రాలు కావాలి, వాటికి ఊళ్ళకు ఊళ్ళు వాడుకునేంత కరెంటు కావాలి. నేను మొదలుపెట్టిన రోజుల్లో కణాలు ఊరికే దొరికేవి. ఇప్పుడూ దొరుకుతాయి, అడిగేవాళ్ళు తగ్గారంతే. ఆకాశం అవతల ఎక్కడినుంచో వచ్చే కిరణాలు గాలిని తాకితే పుట్టే కణాలు రాత్రీ పగలూ మన నెత్తిన కురుస్తూనే ఉంటాయి. అరచేయి చాపితే, మనం ఒక మాట పూర్తిచేసేలోగా ఒకటో రెండో అందులోంచి దూసుకుపోతాయి. చేతికి తెలియదు. మా చదువంతా ఉర్దూలోనే సాగింది కాబట్టి నేను వీటిని మొదట కాయనాతీ షువాయేఁ అని నేర్చుకున్నాను. ఆ పేరు ఇప్పటికీ నా చెవికి కాస్మిక్ కిరణాలకంటే గంభీరంగా వినిపిస్తుంది.

పెద్ద యుద్ధం అప్పుడే ముగిసింది. నిజాం సర్కారు ఇంకా మూడేళ్ళే ఉంటుందని ఎవరికీ తెలియదు. నేను పట్నంలో పరిశోధక విద్యార్థిని. మా ప్రొఫెసరు గారికి, అంటే మేమంతా ఉస్తాద్ అని పిలుచుకునే పెద్దమనిషికి, ఈ కణాలు నీటిలో ఎంత లోతుకు దిగుతాయో కొలవాలని కోరిక. లోతుకు పోయినకొద్దీ అవి తగ్గాలి. ఎంత తగ్గుతున్నాయో తెలిస్తే వాటి బలమెంతో చెప్పవచ్చు. నీళ్ళెక్కడ అని ఆయన ఆలోచిస్తుంటే, మా ఊరు ఇబ్రహీంపట్నంలో పెద్ద చెరువుందని నోరు జారాను. ఆ ఏడు చెరువు నిండుగా ఉంది. కట్ట మీద నడిస్తే ఒకవైపు కనుచూపు మేర నీళ్ళు, ఇంకోవైపు వరి మళ్ళు. తూము దగ్గర లోతు ఎక్కువ. అక్కడ రాతి స్తంభాల మధ్య కూర్చోవడానికి ఒక అరుగు కూడా ఉండేది. తాడుకు గజానికొక ముడి వేసుకుని, స్తంభం మీద గిలక కట్టుకుని, మా సరంజామా దింపడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

సరంజామా అంటే ఏదో అనుకోకండి. రెండు ఇత్తడి గొట్టాలు, ఒక్కొక్కటి చపాతీ కర్రంత. వాటి మధ్యలో సన్నని తీగ, లోపల కొద్దిగా గ్యాసు, కొసలకు లక్క. రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి ఇనప పైపులో మూసేశాం. ఒకే కణం రెండు గొట్టాలనూ దాటితేనే గట్టు మీద హెడ్‌ఫోన్‌లో టక్‌మని ఒక చప్పుడు. గొట్టాలు చిన్నవి కావడంతో నిమిషానికి ఒకటి వస్తే గొప్ప. చప్పుళ్ళను లెక్కపెట్టే యంత్రాలు తెల్లవాళ్ళ సీమనుంచి రావాలి, యుద్ధం ముగిసినా ఓడల్లో వాటికి చోటు దొరకలేదు. అందుకని చెవితో విని మనిషే లెక్కపెట్టాలి. నెలల తరబడి, రోజుకు నాలుగైదుసార్లు, ప్రతిసారీ అరగంట. నాకు పట్నంలో పాఠాలు చెప్పే పని, ఆదివారం తప్ప రాలేను. చెప్పిన చోట కూర్చుని, కునుకు తీయకుండా, నిమిషానికొక్క టక్కు కోసం ఓపిక పట్టే మనిషి కావాలి.

అట్లాంటి మనిషి మా ఊళ్ళో ఒక్కడే, అది అందరూ ఒప్పుకునే మాట. ఆయన మా నాన్న ఈడువాడు, మా ఇంటి వెనక వీధిలో ఉండేవాడు. మా ఇంట్లో పిల్లలందరికీ చాచా. నలభై ఏళ్ళుగా చెరువు కింద ఏ కల్లంలో వడ్లు కొలవాలన్నా కుంచం ఆయన చేతిలోనే ఉండాలి. దొర గారికీ ఆయన కొలతే, కౌలుదారుకూ ఆయన కొలతే. అన్నదమ్ములు ముఖాలు చూసుకోని ఇళ్ళలో కూడా చాచా కొలిచాడంటే రెండో మాట ఉండేది కాదు. గింజలు కుంచంలో పడే చప్పుడు విని అది నిండిందీ లేనిదీ తల తిప్పకుండా చెప్పేవాడు. ఆ చెవి కోసమే వెళ్ళి అడిగాను. ఏం కొలవాలి అన్నాడు. పైనుంచి పడేదాన్ని అన్నాను, ఉర్దూ పేరు చెప్పి, నాకు తెలిసినంతలో వివరించాను. శ్రద్ధగా విన్నాడు. ఎవరికి కొలిచి ఇవ్వాలి అని మాత్రం అడిగాడు. నాకే ఇవ్వమన్నాను. సరే అన్నాడు. కూలి మాట ఎత్తితే మా నాన్నతో మాట్లాడుకుంటానని ఆ సంగతి అక్కడే తుంచేశాడు.

ఇక్కడ నా తెలివితేటలు చెప్పుకోవాలి. కల్లంలో కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని పోతుంది వరస. ఆ అలవాటు మీద నోటి లెక్క పెట్టిస్తే ఎక్కడో ఒకచోట ఒకటి తప్పిపోతుందని నాకు ముందే అనుమానం వచ్చింది. అందుకని లెక్కే వద్దన్నాను. ఎడమచేతి పక్కన చింతగింజల కుప్ప, కుడిచేతి పక్కన ముంత. టక్కుమన్నప్పుడల్లా ఒక గింజ ముంతలో వేయాలి. అలారం గడియారం మోగగానే ముంతలోవి గుడ్డపేలికలో మూటకట్టి, ఎన్ని గజాల లోతో అన్ని ముడులున్న పురికొస దానికి చుట్టాలి. ఊరి ఆచారాన్నంతా ఒక్క దెబ్బతో పక్కకు నెట్టేశానని తెగ మురిసిపోయాను. పట్నం తిరిగివెళ్ళి ఆ మురిపెం ఉస్తాద్‌తో కూడా పంచుకున్నాను.

ఆదివారం పొద్దున బొగ్గు బస్సులో వచ్చేవాణ్ణి. వెనక కొలిమి బిగించిన ఆ బస్సు ఎత్తు వచ్చినచోటల్లా ఆగేది, మేం దిగి తోసేవాళ్ళం. ఇల్లు చేరేసరికి నా తెల్ల చొక్కా బూడిదరంగుకు తిరిగేది. వారం నాటి మూటలన్నీ విప్పి నేలమీద కుప్పలుగా పోసి లెక్కపెడుతుంటే మా అమ్మ తలుపుకు ఆనుకుని చూసేది. ఇంత చదివించింది చింతగింజలతో ఆడుకోవడానికా అని ఆమె బాధ. ఊళ్ళో కూడా రకరకాల మాటలు పుట్టాయి. చెరువులో లంకెబిందెలున్నాయని కొందరు, చేపల గుంపు ఎటు పోతున్నదో చాచాకు చెవిలో వినిపిస్తుందని కొందరు. ఎవరో చెప్పగా పోలీసు అమీన్ సాబ్ కూడా ఒకరోజు కట్టమీదికి వచ్చాడు, ఇది దొంగ వైర్‌లెస్సేమోనని. చాచా హెడ్‌ఫోన్ తీసి ఆయన చెవులకే పెట్టాడట. చాలాసేపటికి ఒక టక్కు వినిపించింది. ఇంకోదానికోసం అమీన్ సాబ్ అట్లాగే కూర్చుండిపోయాడనీ, వెంట వచ్చిన జవాను పొద్దుపోతున్నదని గుర్తుచేస్తే గానీ లేవలేదనీ చాచా నాకు నవ్వుతూ చెప్పాడు.

నేను వచ్చిన రోజు చాచాకు సెలవు. ఆయన మసీదుకో, బిడ్డ ఇంటికో పోతే నేనే అరుగుమీద కూర్చుని వినేవాణ్ణి. కింద రాళ్ళమీది నాచు వాసన, ఎండకు వేడెక్కి చెవులను కాల్చే హెడ్‌ఫోన్, నీళ్ళను ముక్కుతో పొడుస్తూ తిరిగే నీటికోళ్ళు. వాటిని చూస్తూ ఉంటే మనసు ఎటో పోయేది. నాకెప్పుడూ చాచాకంటే నాలుగైదు తక్కువ వచ్చేవి. ఆయన చెవి ఎక్కడ, నా చెవి ఎక్కడ, పరధ్యానంలో నేనే కొన్ని జారవిడుస్తున్నాను అనుకుని, నా లెక్కలను కొట్టేసి ఆయనవి మాత్రం ఉంచుకున్నాను. ఈ సంగతి ఇంత నింపాదిగా రాస్తున్నాను గానీ, నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

చలికాలం ముగిసేసరికి గ్రాఫు కాగితం మీద గీత తయారైంది. పైన అరగంటకు ముప్పైకి పైగా వచ్చే టక్కులు, తూము అడుగుకు చేరేసరికి తొమ్మిదో పదో కావాలి. తెలిసిన శాస్త్రం అట్లా చెబుతున్నది. మాకు పద్నాలుగు వస్తున్నాయి. ఒకరోజు కాదు, ప్రతిరోజూ. తగ్గాల్సినంత తగ్గడం లేదంటే, నీళ్ళను లెక్కచేయకుండా దూసుకుపోయే కణం ఏదో ఇంకొకటి ఉన్నట్టు. ఇంతవరకూ ఎవరూ చూడనిది. ఇబ్రహీంపట్నం చెరువులో దొరికింది. దానికి ఏం పేరు పెట్టాలా అని ఎన్నాళ్ళు ఆలోచించానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. ఆ ఏడు యూనివర్సిటీలో పరిశోధకుడి కొలువు ఒకటి ఖాళీ అయింది. ఈ వ్యాసం సీమ పత్రికకు పోతే ఆ కొలువు నాదేనని ఉస్తాద్ నోటితోనే అన్నాడు. పోకపోతే తాలూకా బడిలో పంతులు పని, దానికి మా నాన్న అప్పటికే మాట ఇప్పించుకుని కూర్చున్నాడు.

టైపు చేసిన కాగితాలు ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. ముఖం వెలిగిపోయింది. సంతకానికి కలం సిరాలో ముంచి, ఎందుకో ఆగి, బ్యాటరీ తీగ పీకేసి ఒకసారి కొలిచావా అని అడిగాడు. పీకేస్తే ఏముంటుంది, సున్నా వస్తుంది అన్నాను. వస్తుందనుకోవడం వేరు, రావడం వేరు అని కలం పక్కన పెట్టేశాడు. ఆ ముసలాయన చాదస్తానికి ఒక ఆదివారం దండుగ అని లోపల తిట్టుకుంటూ బొగ్గు బస్సెక్కాను.

ఆ రోజు చాచాను సెలవు తీసుకోవద్దని అడిగాను. ఆయన చూడకుండా బ్యాటరీ పెట్టె వెనక తీగ ఊడదీసి, ఈరోజు మిషన్ సరిగా మోగకపోవచ్చు, అయినా అరగంట కూర్చోమన్నాను. ఆయన కుడి మోకాలు పైకి మడుచుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఎదుటివాడు వడ్లు తెస్తాడో లేదో తెలియకపోయినా కుంచం పట్టుకుని కూర్చునే తీరు అది. చేయి ఒక్కసారైనా గింజల మీదికి పోలేదు. హమ్మయ్య అనుకున్నాను. అలారం మోగింది. చాచా కళ్ళు తెరిచి, హెడ్‌ఫోన్ తీసి, కుప్పలోంచి ఐదు గింజలు ఏరి ముంతలో వేసి, పేలికలోకి వంచి మూట కట్టడం మొదలుపెట్టాడు.

ఆ మూట మీద చేయి అడ్డం పెట్టాను. "మోగిందా చాచా?" అన్నాను.

"లే. ఒక్కటి గూడ మోగలే. నీ మిషన్ ఖరాబైనట్టున్నది, చూస్కో."

"మరి ముంతల గింజలేసినవ్ గద."

"గవి కొసరు," అన్నాడు.

రోజూ వేస్తావా అని అడిగాను.

"రోజూ ఏయక? అంచుకు గీసినట్టు కొలిచి చేతిల పెడితే ఏం మర్యాద బేటా? గిది పైకెళ్లి పడేటిది. మనం పండించినమా, కొన్నమా? గసొంటిదాన్ని కొలిచి ఇచ్చేటప్పుడు చెయ్యి ఎన్కకు తీస్తమా?"

కల్లంలో కుప్ప కొలిచాక చివర్న ఆయన పైనుంచి వేసే గుప్పెడు వడ్లను నేను చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగాను. నోటి లెక్క వద్దన్న రోజు లాభం అనే మాట గుర్తొచ్చింది గానీ ఆ గుప్పెడు నాకు గుర్తు రాలేదు. ఎవరూ చూడని ఆ కణం, నా కొలువు, నేను పెట్టుకున్న పేరు, అన్నీ కలిసి చాచా చేతిలో ఐదు చింతగింజలుగా తేలాయి. నా ముఖం చూసి చాచాకు అనుమానం వచ్చింది. ఏమైందో చెప్పమన్నాడు. ఈ కొలతలో తక్కువ ఎంత తప్పో ఎక్కువా అంతే తప్పని, మెల్లగా, వీలైనంత మెత్తగా చెప్పాను.

"అంటే నేను తప్పు కొలిచిన్నా?"

నలభై ఏళ్ళలో ఆయనను ఎవరూ అనని మాట అది. ఆయనే తనను అనుకోవలసి వచ్చింది. నా వ్యాసం పోయినందుకు కలిగిన దుఃఖం ఆ మాటతో మాయమైంది, ఇంకో దుఃఖం వచ్చి కూర్చుంది. "తప్పు నాది చాచా," అన్నాను. "ఐతారాలు నేను విన్నప్పుడు తక్కువే వచ్చినయి. నీ గింజలు నాకు కావాల్సినట్టు ఉన్నయని నావి పారేసిన."

ఆయన మూట విప్పి, ఆ ఐదు గింజలను అరచేతిలో పోసుకుని నాకు చూపించాడు. "కొసరేసెటోనికి ఎంత ఏసిండో ఎరుకుండాలె. ఎరుక లేకుంట ఏస్తే గది కొసరు గాదు, దొంగ కొలత. నాకెరుకే. ప్రతిసారి అయిదు. నాలుగు గాదు, ఆరు గాదు. ఫికర్ జెయ్యకు, అన్నిట్లకెళ్లి అయిదైదు తీసెయ్యి."

తీసేశాను. మా అమ్మ కందిలి పక్కన పెడితే, ఆ సాయంత్రమే అన్ని లెక్కల్లోంచీ ఐదు తీసి గీత మళ్ళీ గీశాను. నెలల తరబడి కొలిచిన ప్రతి చుక్కా చక్కగా, వినయంగా, శాస్త్రం చెప్పిన చోట వచ్చి కూర్చుంది. నేను ఆదివారాలు కొట్టేసిన చుక్కలు కూడా వాటి పక్కనే చేరాయి. ఒక్కటంటే ఒక్కటి దారి తప్పలేదు. ఆ తర్వాత ఎన్నో గొప్ప ప్రయోగశాలల్లో పనిచేశాను, కానీ తన వల్ల వచ్చిన తప్పును అంత కచ్చితంగా చెప్పగలిగిన మనిషి నాకు మళ్ళీ తటస్థపడలేదు.

ఉస్తాద్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. టైపు కాగితాలు చించి బుట్టలో వేసి, కొత్త వ్యాసం రాయమన్నాడు. కొత్తది రెండు పేజీలకు మించలేదు. అందులో ప్రతి కొలతనుంచీ ఐదు తీసివేశామని, అది వినేవారి అలవాటు వల్ల అవసరమైందని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం చదివి సీమలో ఎవరైనా జుట్టు పీక్కున్నారేమో తెలియదు. కొలువు ఆ ఏడు ఇంకొకరికి పోయింది. నేను తాలూకా బడిలో పంతులునయ్యాను, మా నాన్న మాత్రం సంతోషించాడు. రెండేళ్ళ తర్వాత ఇంకో ఖాళీ వస్తే ఉస్తాద్ తనంతట తానే ఉత్తరం రాసి పిలిపించుకున్నాడు. తన తప్పును తానే మోసుకొచ్చి బల్లమీద పెట్టిన కుర్రాణ్ణి వదులుకోలేనని అందులో రాశాడు.

చెరువు కొలత మాత్రం ఆ ఎండాకాలం దాకా సాగింది. చాచా మళ్ళీ ముంతలో ఒక్క గింజా ఎక్కువ వేయలేదు. కానీ ఉత్త మూట చేతిలో పెట్టడం ఆయనకు చాలా కష్టంగా ఉండేది, చూస్తేనే తెలిసేది. రెండు వారాలు ఓర్చుకున్నాడు. మూడో ఆదివారం మూటలన్నీ ఇచ్చాక నా కుడిచేయి పట్టుకుని అందులో విడిగా ఐదు గింజలు పెట్టాడు. "ఇవి లెక్కల ఏస్కోకు. ఇవి నీకు," అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అంతే. నేను వాటిని చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కేవాణ్ణి. తోసేటప్పుడు అవి జేబులో గలగలమనేవి.

నలభై ఎనిమిదిలో నిజాం సర్కారు పోయింది. ఆ నెలల గురించి రాయడానికి నాకు చేయి రాదు. నేను పంతులుగా ఉన్న ఊళ్ళో చిక్కుకుపోయాను. దారులు తెరుచుకోగానే ఇబ్రహీంపట్నం వచ్చి, మా ఇంటికంటే ముందు వెనక వీధికి వెళ్ళాను. చాచా ఉన్నాడు. ఆయనను చూసి ఏడ్చాను, దాచుకోవలసింది ఏముంది. వీధిలో కొన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఆయన కూడా హయత్‌నగర్‌లో బిడ్డ దగ్గరికి పోవడానికి సామాను కట్టుకున్నాడు. కొలత ఆగిననాటినుంచీ తన దగ్గరే ఉన్న ఇత్తడి గొట్టాలు, హెడ్‌ఫోన్, అలారం గడియారం, అన్నీ వడ్ల గుమ్మిలో గింజల అడుగున దాచిపెట్టి ఉంచాడు. ఒక్కొక్కటే తీసి, పొట్టు ఊది, సరిచూసుకోమని నాకు అప్పగించాడు. చివర్న నా చేయి చాపమన్నాడు. ఎందుకో నాకు తెలుసు, ఆయన చెప్పక్కరలేకపోయింది. ఆ తర్వాత ఆయనను నేను చూడలేదు.

మిగతా బతుకంతా కొలవడంలోనే పోయింది. బెలూన్లకు కణాల జాడ పట్టే ఫొటో పలకలు కట్టి ఎగరేశాను, మైలు లోతు గనిలో నెలలు గడిపాను, ముసలితనంలో పెద్ద యంత్రాల దగ్గర నా మనవళ్ళంత వయసున్నవాళ్ళతో కలిసి పనిచేశాను. కొత్త కణం దొరికిందని ఎవరు పరుగెత్తుకొచ్చినా, కరెంటు తీసేసి ఒకసారి కొలిచారా అని అడిగేవాణ్ణి. నా వెనక నన్ను స్విచ్ఛాఫ్ సార్ అనేవాళ్ళట. అననీ. నేను కొత్త కణం ఏదీ కనిపెట్టలేదు. ఇద్దరు ముగ్గురు కనిపెట్టాననుకున్నవాళ్ళను మాత్రం సమయానికి ఆపాను.

ఆ చివరి ఐదు గింజలూ నా బల్ల సొరుగులో ఉన్నాయి. బెండకాయల రోజు తీసి మా ఆవిడకు మళ్ళీ చూపించాను. పెళ్ళయిననాటినుంచి చూస్తున్నా కాదనకుండా చూసింది. నాకు ఎనభై దాటి నాలుగేళ్ళయింది. మా నాన్న ఇంత కాలం బతకలేదు, ఉస్తాద్ బతకలేదు, నాతో చదివినవాళ్ళలో ఎవరూ మిగల్లేదు. నా కుంచం ఎప్పుడో నిండింది. ఇప్పుడు కళ్ళు తెరిచిన ప్రతి పొద్దునా, ఎవరో నా చేయి పట్టుకుని, లెక్కలో వేసుకోకు, ఇది నీకు అని విడిగా పెట్టి పోతున్నట్టుంటుంది.